కోరిక పలికే తీరు: అరబ్బీ వ్యాకరణం, సౌదీ ధర్మబోధ

అరబ్బీలో దీవెన భూతకాలంలో ఉంటుంది. చనిపోయిన మనిషి పేరు రాగానే సౌదీ అరేబియాలో ఎవరైనా అనే మాట ‘రహిమహుల్లాహ్’. అందులోని క్రియ, జరిగిపోయిన పనిని చెప్పే మామూలు క్రియే. అక్షరాలా చూస్తే ‘అల్లాహ్ అతణ్ణి కరుణించాడు’ అని. అర్థం మాత్రం ‘కరుణించుగాక’ అని. మేలు చేసినవారికి చెప్పే ‘జజాకల్లాహు ఖైరన్’, శుభం కోరే ‘బారకల్లాహు ఫీక్’, రాజు పేరు వెంట వార్తల్లో వచ్చే ‘హఫిజహుల్లాహ్’ అన్నీ ఇదే అచ్చు. తెలుగు ముస్లిం పాఠకులకు ఇవి మరో రూపంలో పరిచయమే. హైదరాబాద్ నుంచి వచ్చే ‘గీటురాయి’ వంటి పత్రికల్లో, ఇస్లామీయ పుస్తకాల్లో ప్రవక్త పేరు పక్కన (స), ఆయన సహచరుల పేర్ల పక్కన (రజి) అని కుండలీకరణాల్లో కనిపించేవి ఈ భూతకాల వాక్యాల పొట్టి రూపాలే. వాటిని విప్పి తెలుగులో రాయాల్సి వస్తే మాత్రం ఎవరూ భూతకాలం వాడరు. ‘శాంతి కలుగుగాక’, ‘ప్రసన్నుడగుగాక’ అంటూ తెలుగు తన ఆశీరర్థక రూపాన్నే తెచ్చుకుంటుంది.

మరి అరబ్బీ వినేవాడికి ఆ భూతకాల వాక్యం సమాచారమో, ప్రార్థనో ఎలా తెలుస్తుంది? చాలావరకు సందర్భమే చెబుతుంది. సందర్భం చాలని చోట వ్యాకరణం ఒక గట్టి గుర్తు పెట్టింది. జరగలేదని సమాచారం చెప్పాలంటే భూతకాల క్రియకు ముందు ‘మా’ వస్తుంది. జరగకూడదని కోరాలంటే అదే క్రియకు ముందు ‘లా’ వస్తుంది. ‘మా సమహల్లాహ్’ అంటే దేవుడు అనుమతించలేదు. ‘లా సమహల్లాహ్’ అంటే దేవుడు అనుమతించకుండుగాక, అంటే ‘అలా జరగకూడదు సుమా’ అని. తమిళనాడులోని వాణియంబాడిలో పుట్టి, మదీనా ఇస్లామిక్ విశ్వవిద్యాలయంలో దశాబ్దాలపాటు అరబ్బీ నేర్పిన డాక్టర్ వి. అబ్దుర్రహీమ్ (1933–2023) పాఠ్యపుస్తకాలు అరబ్బేతరుల కోసం రాసినవి. భారతదేశంలో అరబ్బీ సొంతంగా నేర్చుకునేవారిలో చాలామంది చేతికి మొదట అందేవి అవే. భూతకాల క్రియ ప్రార్థన అయినప్పుడు దాని వ్యతిరేకం ‘లా’తో వస్తుందన్న సూత్రం అక్కడే విద్యార్థికి తగులుతుంది.

ఈ ‘లా’ వల్ల ఒక చిక్కు కూడా ఉంది. ‘లా’ అంటే విడిగా ‘కాదు’, ‘లేదు’ అని కూడా అర్థం. అలంకారశాస్త్ర గ్రంథాల్లో ఒక కథ తరచుగా కనిపిస్తుంది. మొదటి ఖలీఫా అబూబక్ర్ ఒకతని చేతిలో బట్ట చూసి, అమ్ముతావా అని అడిగాడట. అతను ‘లా’ (లేదు) అని, వెంటనే ‘అల్లాహ్ మిమ్మల్ని కరుణించుగాక’ అన్నాడు. రెండూ కలిపి వింటే ‘అల్లాహ్ మిమ్మల్ని కరుణించకుండుగాక’ అని శాపంలా ధ్వనించింది. మధ్యలో ఒక ‘వ’ (అంటే ‘మరియు’) చేర్చి పలకమని అబూబక్ర్ సరిచేశాడట. రెండు వాక్యాలను ఎప్పుడు కలపాలి, ఎప్పుడు విడదీయాలి అన్న అధ్యాయంలో దీన్ని ఉదాహరణగా చూపిస్తారు. దీవెనకీ శాపానికీ మధ్య ఒక్క అక్షరమే ఉందన్న సంగతి వ్యాకరణవేత్తలను మాత్రమే కలవరపెట్టే విషయం కాదు. ఆ భాషలో ప్రార్థించే వాళ్ళందరికీ అది పట్టింపే.

అలంకారశాస్త్రం వాక్యాలను రెండు రాశులుగా పోస్తుంది. ఉన్న సంగతిని చెప్పేది ‘ఖబర్’. దాన్ని నిజమనో అబద్ధమనో అనవచ్చు. ఆజ్ఞ, నిషేధం, ప్రశ్న, పిలుపు, కోరిక వంటివి ‘ఇన్షా’. వాటికి నిజానిజాల పరీక్ష వర్తించదు. (ఈ ‘ఇన్షా’కూ ‘ఇన్ షా అల్లాహ్’లోని ‘షా’కూ చుట్టరికం లేదు, ధాతువులు వేరు.) దీవెనల చిక్కంతా ఇక్కడే ఉంది. చూపుకు ఖబర్, పనిలో ఇన్షా. ఇలా ఒకదాని వేషం మరొకటి ఎందుకు వేసుకుంటుందన్నదానికి 14వ శతాబ్దపు పండితుడు ఖతీబ్ అల్-ఖజ్వీనీ (మరణం 1338) చెప్పిన కారణాల్లో రెండు ఇప్పటికీ పాఠశాలల్లో చెబుతారు. ఒకటి శుభసూచన: జరిగిపోయినట్టే చెప్పడం వల్ల నోటి మాట మంచిదవుతుంది. రెండోది ఆతురత: కోరేవాడు ఎంత గట్టిగా కోరుతున్నాడంటే, అతని మనసులో అది ఇప్పటికే జరిగిపోయింది. ‘శుభం పలకరా’ అనే తెలుగు లోకరీతికి ఇది దూరమేమీ కాదు.

పోలిక కోసం ఇటాలియన్‌ను చూస్తే, అది కోరిక పలికే ఈ పనిని మరో దారిలో చేస్తుంది. ఆ భాషలో కోరికకు ‘కొంజుంతీవో’ అనే ప్రత్యేక క్రియారూపం ఉంది. నెరవేరే అవకాశమున్న కోరికకు దాని వర్తమాన రూపం వాడతారు. ‘దేవుడు నిన్ను దీవించుగాక’ అనడానికి ‘కే దియో తి బెనెదీకా’ అంటారు. ‘వీవా లితాలియా’ అన్న నినాదంలోని ‘వీవా’ కూడా ‘బ్రతుకుగాక’ అనే కొంజుంతీవో రూపమే, పాతబడి నినాదమైపోయింది. నెరవేరడం కష్టమనుకున్న కోరికకు అదే క్రియ భూతకాల రూపంలోకి జారుతుంది. వాన కోసం ఎదురుచూసి విసిగినవాడు ‘మగారీ పియొవేస్సె’ అంటాడు, వాన పడితే ఎంత బాగుండును అని. చేయి దాటిపోయిన దానికి ఇంకొక మెట్టు దిగాలి: ‘అవేస్సి స్తుదియాతో’, చదువుకుని ఉంటే బాగుండేది. క్రియ ఎంత వెనక్కి జరిగితే ఆశ అంత సన్నగిల్లిందని లెక్క. తెలుగు కూడా ఇదే మెట్లు దిగుతుంది. ‘కలుగుగాక’, ‘పడితే బాగుండు’, ‘పడి ఉంటే బాగుండేది’ అని. సంస్కృతంలో పాణిని ఆశీస్సు అర్థానికి లిఙ్, లోట్ లకారాలను విధించాడు. తెలుగులో చిన్నయసూరి ‘బాలవ్యాకరణం’ (1858) ఆశీరర్థక క్రియను విడిగా గుర్తించింది. క్రైస్తవుల ప్రభు ప్రార్థన తెలుగు పాఠంలో మొదటి మూడు విన్నపాలు ‘గాక’తో ముగుస్తాయి, ఇటాలియన్ పాఠంలో ఆ మూడూ వర్తమాన కొంజుంతీవోలో ఉంటాయి. రొట్టె అడిగే దగ్గరికి వచ్చేసరికి రెండు భాషలూ ఆజ్ఞార్థకంలోకి మారిపోతాయి.

అరబ్బీలో భూతకాల క్రియ ఇటాలియన్‌కు పూర్తిగా విరుద్ధంగా నడుస్తుందన్నది గమనించాలి. ఇటాలియన్‌లో వెనకటి కాలం నిరాశకు గుర్తు. అరబ్బీ దీవెనలో అది నమ్మకానికి గుర్తు. మరి నెరవేరని కోరికను అరబ్బీ ఎలా చెబుతుంది? దానికి క్రియను కదపదు, ముందు ఒక అవ్యయం పెడుతుంది. అసాధ్యమైన దాన్నో, అందనంత దూరంలో ఉన్నదాన్నో కోరడం ‘తమన్నీ’. దాని పనిముట్టు ‘లైత’. ముసలివాడు పోయిన యౌవనం తిరిగి రావాలని కోరడం దీనికి పాఠ్యపుస్తకాలు అరగదీసిన ఉదాహరణ. జరిగే వీలున్న దాన్ని ఆశించడం ‘తరజ్జీ’. దానికి ‘లఅల్ల’, ‘అసా’ అనే మాటలున్నాయి. ఉర్దూ ద్వారా తెలుగు నేలకు చేరిన ‘తమన్నా’ ఈ మొదటి మాట బంధువే. హైదరాబాదీ నోట అది ఏ కోరికకైనా సరిపోతుంది. అలంకారశాస్త్రంలో మాత్రం దానికి నిరాశ అంటుకునే ఉంటుంది.

కొంజుంతీవోతో పోల్చదగిన క్రియారూపం అరబ్బీలో లేకపోలేదు. వర్తమాన క్రియ చివర ‘ఉ’ బదులు ‘అ’ పలికితే అది ‘మన్సూబ్’ రూపం. ‘లైత’తో మొదలైన కోరిక వెనక ‘ఫ’ (అప్పుడు) అని వచ్చి దాని ఫలితం చెబితే, ఆ ఫలిత క్రియ మన్సూబ్ అవుతుంది. ‘నేను వాళ్ళతో ఉండి ఉంటే బాగుండేది, అప్పుడు గెలిచేవాణ్ణి’ అన్న చోట ‘గెలిచేవాణ్ణి’ ఆ రూపంలో ఉంటుంది. ఇంతవరకు వ్యాకరణవేత్తలకు పేచీ లేదు. ఆశ వెనక, అంటే ‘లఅల్ల’ వెనక కూడా ఈ రూపం రావచ్చా అన్నది అసలు తగాదా. ఇరాక్‌లోని రెండు పాత వ్యాకరణ కేంద్రాల్లో కూఫా పండితులు రావచ్చన్నారు. బస్రా పండితులు ఒప్పుకోలేదు. కోరిక వేరు, ఆశ వేరు; రెండింటినీ ఒకే క్రియారూపం మోయదని వారి పట్టు.

ఆ తగాదాకు ఆధారం ఖురాన్‌లోనే ఉంది. 40వ సూరాలో ఫిరౌను తన మంత్రి హామాన్‌ను పిలిచి ఎత్తైన గోపురం కట్టమంటాడు. దాని మీదుగా ఆకాశ మార్గాలు చేరుకుని మూసా దేవుణ్ణి చూద్దామనుకుంటాడు. అతను వాడిన మాట ‘లఅల్ల’. సాధ్యమైన దానికి వాడే మాటతో అసాధ్యమైన దాన్ని ఆశించాడన్నమాట. మితిమీరిన గర్వమో, ప్రజల్ని మభ్యపెట్టే ఎత్తో అని వ్యాఖ్యాతలు అంటారు. తర్వాతి క్రియ ‘తొంగి చూస్తాను’ అన్నది. ఆసిమ్ నుంచి హఫ్స్ అందించిన పఠన సంప్రదాయంలో ఆ క్రియ చివర ‘అ’ ఉంది, మన్సూబ్. మిగతా ప్రసిద్ధ పఠన సంప్రదాయాల్లో ‘ఉ’ ఉంది, మామూలు రూపం. హఫ్స్ పాఠాన్ని కూఫావారు తమకు సాక్ష్యంగా తెచ్చుకున్నారు. బస్రావారు దాన్ని వేరే తీరుగా సమర్థించారు. అది ‘కట్టు’ అన్న ఆజ్ఞకు ఫలితమనో, ‘లఅల్ల’ ఇక్కడ ‘లైత’ అర్థాన్ని పీల్చుకుందనో అన్నారు. రెండో సమాధానం ఫిరౌను మనసును పట్టిస్తుంది. పైకి ఆశలా పలికినా లోపల అది తీరని కోరికేనని క్రియ చివరి అచ్చు బయటపెట్టినట్టు.

మదీనాలో 1984లో మొదలైన రాజు ఫహద్ ఖురాన్ ముద్రణాలయం ప్రపంచమంతా పంచే ప్రతి ప్రధానంగా హఫ్స్ పాఠమే. అదే ముద్రణాలయం ఉత్తరాఫ్రికా పాఠకుల కోసం వర్ష్ పాఠాన్నీ అచ్చు వేస్తుంది. ఆ పాఠం మదీనాకే చెందిన పఠనాచార్యుడు నాఫి నుంచి వచ్చింది, అందులో ఈ క్రియ చివర ‘ఉ’ ఉంటుంది. ఒకే ఊళ్ళో, ఒకే యంత్రాలమీద, ఫిరౌను కోరిక ఒక ప్రతిలో ఒకలా, మరొక ప్రతిలో ఇంకోలా అచ్చవుతోంది. రెండూ ప్రామాణికమేనని పండితుల మాట. ముద్రణాలయం వెలువరించిన అనువాదాల్లో తెలుగు కూడా ఉంది. ఈ అచ్చు భేదాన్ని తెలుగులోకి తేవడం ఏ అనువాదకుడి తరమూ కాదు.

సౌదీ అరేబియాలో ఈ వ్యాకరణం ధర్మశాస్త్రంతో కలిసే చోటు నజ్ద్. మధ్య అరేబియా పీఠభూమిలోని ఉయైనాలో పుట్టిన ముహమ్మద్ ఇబ్న్ అబ్దుల్ వహ్హాబ్ (1703–1792), 1744 ప్రాంతంలో దిరియ్యా పాలకుడు ముహమ్మద్ ఇబ్న్ సౌద్‌తో ఒప్పందం కుదుర్చుకున్నాడు. సౌదీ రాజ్యానికి మూలం అదే. ఆయన రాసిన ‘కితాబ్ అత్-తౌహీద్’ దేవుని ఏకత్వం మీద చిన్న చిన్న అధ్యాయాల పుస్తకం. ఆయన మనవడు సులైమాన్ ఇబ్న్ అబ్దుల్లా మొదలుకొని 20వ శతాబ్దంలో ఉనైజా పట్టణానికి చెందిన ముహమ్మద్ ఇబ్న్ ఉథైమీన్ (మరణం 2001) దాకా దానికి వ్యాఖ్యానాలు రాస్తూనే ఉన్నారు. సమాధుల పూజ, తాయెత్తులు, జ్యోతిషం వంటి వాటిని ఖండించే పుస్తకంగానే బయటివాళ్ళు దీన్ని ఎరుగుదురు. దాని చివరి భాగంలో వరసగా మాట తీరు గురించిన అధ్యాయాలు ఉండటం అంతగా ఎవరూ పట్టించుకోరు. కోరికను ఎవరికి, ఏ రూపంలో, ఏ కాలం గురించి చెప్పవచ్చన్నది అక్కడ విశ్వాసపు సమస్య అవుతుంది.

‘అల్లాహ్‌కు శాంతి కలుగుగాక’ అనకూడదన్నది ఒక అధ్యాయం. ప్రవక్త సహచరులు కొందరు నమాజులో అలా అనేవారని, ఆయన వారించి సరైన మాట నేర్పాడని వారిలో ఒకరైన ఇబ్న్ మస్‌ఊద్ చెప్పిన హదీసు (ప్రవక్త మాటల, చేతల కథనం) దానికి ఆధారం. సలాం అన్నది పలకరింపులా కనిపించినా అది ప్రార్థన. ఎదుటివాడికి కీడు తప్పాలని కోరడం. కీడు సోకే వీలున్నవాడికే అది తగుతుంది. శాంతికి మూలమైనవాడికి శాంతి కోరడమంటే ఆయనకు ఏదో లోటుందని ఒప్పుకోవడమే. కోరికలో కోరేవాడి ఆదరం ఒక్కటే ఉండదు, ఎవరికోసం కోరుతున్నామో వారి అవసరం కూడా మాటల్లోకి వచ్చేస్తుందన్న సూక్ష్మమైన పరిశీలన ఇది. ‘దేవుడు చల్లగా ఉండాలి’ అని తెలుగు భక్తుడు ముద్దుగా అనగలడు, మంగళాశాసనం పేరిట వైష్ణవం దేవుడికే శుభం పాడింది. నజ్ద్ బోధలో ఆ చనువుకు చోటు లేదు.

దాని పక్కనే మరో అధ్యాయం. ‘నీకు ఇష్టమైతే నన్ను క్షమించు’ అని ప్రార్థించకూడదు. బుఖారీ, ముస్లిం అనే ఇద్దరు పండితుల హదీసు సంకలనాలు రెండింటిలో ఉన్న, ప్రవక్త సహచరుడు అబూహురైరా చెప్పిన హదీసు దీనికి మూలం. అడిగేవాడు గట్టిగా, నిస్సందేహంగా అడగాలి, దేవుణ్ణి బలవంతపెట్టగలవాడు ఎవడూ లేడు కనుక అని దాని సారం. మొదటిసారి వింటే ఇది తలకిందులుగా తోస్తుంది. ‘నీ ఇష్టమైతే’ అనడం వినయం కదా? మనుషుల మధ్య అది వినయమే. అడిగినదాన్ని ఇవ్వలేక అవతలివాడు ఇబ్బంది పడతాడేమోనని ముందే దారి వదలడం అది. వ్యాఖ్యాతలు తప్పు పట్టింది సరిగ్గా దాన్నే. దేవుడికి ఇబ్బంది ఉండదు, మొహమాటం ఉండదు. పైగా షరతు పెట్టినవాడు ‘ఇవ్వకపోయినా ఫర్వాలేదు’ అన్న ధోరణిలో పడతాడు. అక్కర లేనట్టు అడగడం అడగడమే కాదు.

అందుకే నేరుగా దేవుణ్ణి పిలిచి అడిగేటప్పుడు అరబ్బీ ప్రార్థన ఆజ్ఞార్థకాన్నే నమ్ముకుంటుంది. పైవాడు కిందివాడితో అంటే ఆజ్ఞ, సమానుడితో అంటే మనవి, కిందివాడు పైవాడితో అంటే ప్రార్థన. క్రియ ఒక్కటే, పలికేవాడి స్థానాన్ని బట్టి పేరు మారుతుందని అలంకారశాస్త్రం. వానలు ముఖం చాటేసినప్పుడు సౌదీ రాజు దేశమంతటా ఇస్తిస్కా నమాజు చేయమని పిలుపునిస్తాడు. ఆ నమాజులో ఇమాం ‘మాకు వాన కురిపించు’ అనే అంటాడు. ఇటాలియన్ రైతు ‘మగారీ’కీ దీనికీ ఎంత తేడా! ‘మగారీ’లో వినేవాడంటూ ఎవరూ లేరు. ఆ మాట గ్రీకులో ‘ధన్యుడా’ అనే సంబోధన నుంచి వచ్చిందంటారు, ఇప్పుడు అందులో సంబోధనా లేదు, సంబోధితుడూ లేడు.

అయితే షరతు లేని ప్రార్థన అన్న సూత్రానికి అడ్డంగా రెండు ప్రసిద్ధ ప్రార్థనలు నిలుస్తాయి. ఏదైనా పని తలపెట్టే ముందు చేసే ఇస్తిఖారా ప్రార్థనలో ‘ఈ పని నాకు మేలని నీకు తెలిస్తే’ అన్న షరతు ఉంది. కష్టాలు భరించలేక చావు కోరుకోవద్దని, అంతగా అనాలనిపిస్తే ‘బతుకు నాకు మేలైనంత కాలం బతికించు, చావు మేలైనప్పుడు చంపు’ అన్న అర్థంలో అడగమని చెప్పిన హదీసులోనూ షరతు ఉంది. దీనికి వ్యాఖ్యాతల సమాధానం పేలవంగా లేదు. ఇక్కడ షరతు దేవుని ఇష్టం మీద కాదు, అడిగేవాడి అజ్ఞానం మీద. ఏది మేలో తనకు తెలియదు కనుక ఆ తెలియనితనాన్నే ప్రార్థనలో పెట్టాడు. క్షమాపణ మేలో కాదో తెలియని మనిషి ఉండడు. కనుక దానికి షరతు అక్కర్లేదు.

‘ఇన్ షా అల్లాహ్’ సంగతి ఇంకో తీరు. వ్యాకరణపరంగా అదీ షరతే: ‘ఇన్’ అనే అవ్యయం, దాని వెంట భూతకాల క్రియ. రేపు ఇది చేస్తానని చెప్పేటప్పుడు ఆ మాట జోడించమని ఖురాన్ 18వ సూరా చెబుతోంది. అక్కడ అది ప్రార్థనకు తగిలించిన షరతు కాదు, మనిషి తన శక్తి గురించి చేసే ప్రకటనకు వేసిన కళ్ళెం. తన పని గురించి మాట్లాడేటప్పుడు షరతు పెట్టడం వినయం, దేవుణ్ణి అడిగేటప్పుడు షరతు పెట్టడం తప్పు. ఒకే మాట రెండు చోట్ల రెండు విలువలు పొందింది. జుబైల్ ఫ్యాక్టరీలోనో, రియాద్ దుకాణంలోనో పనిచేసే తెలుగువాడు ‘రేపు ఇస్తాను, ఇన్ షా అల్లాహ్’ అన్న మాట విని ఇక పని కాదులే అని నవ్వుకోవచ్చు. వాయిదాకు ముసుగుగా ఆ మాట వాడటం ఉన్నదే, దాన్ని ఎగతాళి చేసే ఛలోక్తులు అరబ్బుల్లోనూ ఉన్నాయి.

ఇదే మాట విశ్వాసం గురించి వాడవచ్చా అన్నది పాత వివాదం. ‘నేను విశ్వాసిని, ఇన్ షా అల్లాహ్’ అనడం సరేనా? ఇస్లామీయ ధర్మశాఖల్లో హంబలీ సంప్రదాయం సమ్మతించింది. విశ్వాసంలో ఆచరణ కూడా కలిసి ఉంది, ఆచరణ నిండుగా ఉందని ఎవరు చెప్పుకోగలరు అని వారి వాదం. హనఫీ ధర్మశాఖ, మాతురీదీ వేదాంతశాఖ పండితుల్లో ఎక్కువమంది అభ్యంతరపెట్టారు. విశ్వాసంలో షరతు అంటే అది సందేహమేనని వారి భయం. తెలుగు ప్రాంతాల ముస్లింలలో అత్యధికులు హనఫీలు. గల్ఫ్ ఉద్యోగానికి వెళ్ళి హంబలీ దేశంలో మసీదు పాఠాలు వినేవారికి ఈ తేడా ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది.

కోరిక గతం వైపు తిరిగితే ఏమవుతుందన్నది ‘లౌ’ అధ్యాయం. ‘లౌ’ అంటే జరగని దాన్ని ఊహించే ‘అయి ఉంటే’. ఉహుద్ యుద్ధం (625) తర్వాత కొందరు, మా మాట సాగి ఉంటే మావాళ్ళు ఇక్కడ చచ్చేవారు కాదని సణిగిన సంగతిని ఖురాన్ 3వ సూరా నుంచి తెచ్చి ఈ అధ్యాయం మొదలవుతుంది. దాని వెంటే ముస్లిం సంకలనంలోని హదీసు: ఏదైనా దెబ్బ తగిలితే ‘అలా చేసి ఉంటే ఇలా అయ్యేది’ అనొద్దు, దైవనిర్ణయం అను, ఎందుకంటే ‘లౌ’ సైతాను పనికి తలుపు తీస్తుంది. ఇటాలియన్ వ్యాకరణంలో అతి మామూలు పాఠమైన ‘అవేస్సి స్తుదియాతో’ ఇక్కడ ప్రమాదకరమైన వాక్యం. ఒక క్రియారూపాన్ని మత గ్రంథం ఇంత సూటిగా వేలెత్తి చూపడం అరుదు.

కానీ నిషేధం రూపం మీదా, మనసు మీదా? ప్రవక్తే ఒక సందర్భంలో ఈ రూపం వాడాడు. క్రీ.శ. 632 నాటి వీడ్కోలు హజ్‌లో, బలి పశువులను వెంట తెచ్చుకోని వారిని ముందు ఉమ్రా (చిన్న యాత్ర) ముగించి ఇహ్రాం (యాత్రా దీక్ష) విప్పమన్నప్పుడు వారు తటపటాయించారు. అప్పుడాయన, ఈ సంగతి నాకు ముందే తెలిసి ఉంటే నేనూ పశువులను తెచ్చేవాణ్ణి కాదన్న అర్థంలో మాట్లాడాడు. బుఖారీ తన సంకలనంలో కోరికల కోసమే ‘కితాబ్ అత్-తమన్నీ’ అని ఒక భాగం కేటాయించి, ‘లౌ’ ఎక్కడ చెల్లుతుందన్న దానికి అందులో ఒక శీర్షిక పెట్టాడు. ఇబ్న్ ఉథైమీన్ తన వ్యాఖ్యానంలో ‘లౌ’ వాడుకలను ఆరుగా విడదీశాడు. ధర్మాన్ని తప్పుపట్టడానికి, విధిని తప్పుపట్టడానికి, పోయినదాని కోసం కుమిలిపోవడానికి, పాపానికి విధిని సాకుగా చూపడానికి వాడితే తప్పు. వట్టి సమాచారంగా అంటే తప్పు లేదు. మిగిలింది కోరిక. దాని మంచిచెడ్డలు కోరిన వస్తువును బట్టి ఉంటాయి. తిర్మిజీ సంకలనంలో నలుగురు మనుషుల హదీసు ఉంది. డబ్బు లేని ఒకడు, ఫలానా దాతలా నాకూ ఉంటే నేనూ అలాగే ఖర్చు పెట్టేవాణ్ణి అంటాడు. అతనికీ దాతకీ పుణ్యం సమానం. దుర్వినియోగం చేసేవాణ్ణి చూసి అలాగే అన్నవాడికి పాపం సమానం. నిరాశ పలికే క్రియారూపం చేతిలో పైసా లేనివాడికి పుణ్యం సంపాదించి పెట్టింది. ఇంత దూరం వచ్చాక నిషేధం వ్యాకరణం మీద కాదని, కుమిలిపోయే మనసు మీదనేనని ఒప్పుకోక తప్పదు.

చనిపోయినవారి విషయంలో చిక్కు వేరు. ఇక్కడ కోరిక ప్రకటనగా గట్టిపడిపోయే ప్రమాదం ఉంది. ‘రహిమహుల్లాహ్’ అనే బదులు పేరు ముందు ‘అల్-మర్హూమ్’, అంటే కరుణ పొందినవాడు అని విశేషణం చేర్చడం అరబ్ దేశాలన్నిటా ఉన్న వాడుక. ఉర్దూ, తెలుగు ముస్లిం ఇళ్ళలోనూ ‘మర్హూం’ మామూలే. 1993 నుంచి 1999లో మరణించేవరకు సౌదీ గ్రాండ్ ముఫ్తీగా ఉన్న అబ్దుల్ అజీజ్ ఇబ్న్ బాజ్ దీన్ని ఒప్పుకోలేదు. ఫలానావాడు కరుణ పొందాడో లేదో పరోక్షం. దాన్ని తెలిసినట్టు చెప్పరాదు, ‘అల్లాహ్ కరుణించుగాక’ అని ప్రార్థించాలి అన్నాడు. ఇబ్న్ ఉథైమీన్ మెత్తబడ్డాడు. సమాచారంగా అంటే తప్పే, ఆశతో, శుభసూచనగా అంటే తప్పు లేదని ఆయన అభిప్రాయం. రెండింటిలో రెండోదే భాషకు దగ్గరగా ఉంది. ‘రహిమహుల్లాహ్’ కూడా చూపుకు ప్రకటనే కదా. భూతకాల క్రియకు ఇచ్చిన మినహాయింపు విశేషణానికి ఇవ్వకపోవడానికి వ్యాకరణంలో బలమైన కారణం కనిపించదు. క్రియతో కూడిన వాక్యం కోరికగా వాడటం పాత అలవాటని, విశేషణం మనిషికి బిరుదులా అతుక్కుపోతుందని మాత్రం ఇబ్న్ బాజ్ పక్షాన వాదించవచ్చు. తెలుగు పత్రికల్లో పేరు ముందు వేసే ‘స్వర్గీయ’ను ఈ తూకంలో పెడితే అదీ తూగదు. ‘కీర్తిశేషులు’ అన్నవాళ్ళు ఎంత జాగ్రత్తపరులో అప్పుడు తెలుస్తుంది.

సౌదీ ప్రభుత్వ ప్రకటనల్లో ఈ దీవెనలకు ఇంకో పని కూడా ఉంది. బతికి ఉన్న రాజు పేరు వెంట ‘హఫిజహుల్లాహ్’ (కాపాడుగాక) అని ఉంటుంది, మరణించిన రాజు పేరు వెంట ‘రహిమహుల్లాహ్’. 2015 జనవరి 23న రాజు అబ్దుల్లా మరణించి సల్మాన్ గద్దెనెక్కినప్పుడు ఒక పేరు వెంట ఒక క్రియ పోయి మరొకటి వచ్చింది.

వాడుక అరబ్బీలో ఈ భూతకాల రూపాలు చాలావరకు వర్తమానానికి చోటిచ్చాయి. ‘రహిమహుల్లాహ్’ జనం నోట ‘అల్లాహ్ యర్హమహ్’ అవుతుంది. అల్లాహ్ పేరు ముందుకు, క్రియ వెనక్కి. పనిచేస్తున్నవాణ్ణి చూసి ‘యాతీక్ అల్-ఆఫియా’ (ఆరోగ్యం ఇచ్చుగాక) అనడం, దానికి ‘అల్లాహ్ యాఫీక్’ అని బదులివ్వడం జిద్దా, దమ్మామ్ నగరాల్లో కొత్తగా దిగిన తెలుగు కూలీకి కూడా నెలలోపే నోటికొచ్చేస్తాయి. కొన్ని మాత్రం పాత రూపం వదల్లేదు. ఇంటికి వచ్చినవాణ్ణి ‘హయ్యాకల్లాహ్’ అంటూనే ఆహ్వానిస్తారు. క్రియే లేని దీవెనలూ ఉన్నాయి. హజ్‌కు వెళ్ళేవారితో ‘హజ్జన్ మబ్రూరన్’ అంటారు; ‘నీ హజ్ స్వీకృతమగుగాక’ అన్న వాక్యంలో మిగిలింది ద్వితీయా విభక్తి నామం ఒక్కటే. అలాంటి నామాల మీద 8వ శతాబ్దంలోనే సీబవైహ్ తన వ్యాకరణంలో ప్రత్యేకంగా రాశాడు.

రాజవంశీయులను, పెద్దలను సంబోధించే ‘తాల్ ఉమ్రక్’ (నీ ఆయుష్షు పెరుగుగాక) కూడా భూతకాలంలోనే నిలిచింది. తెలుగులో ‘చిరంజీవ’, ఇటాలియన్లు గ్లాసులెత్తి అనే ‘చెంతాన్ని’ (నూరేళ్ళు) దీని కోవలోవే. ఈ రకం దీవెనల మీదా ఇబ్న్ ఉథైమీన్‌ను అడిగారు. ‘నీకు దీర్ఘాయువు కలుగుగాక’ అని ఊరికే అనడం తగదు, ఎక్కువ కాలం బతకడం మేలు కావచ్చు, కీడు కావచ్చు. ‘దైవ విధేయతలో’ అన్న మాట చేర్చితే మంచిదన్నాడు. ‘నీ రోజులు శాశ్వతమగుగాక’ అన్నదాన్ని మాత్రం పూర్తిగా కాదన్నాడు. మనిషి రోజులు శాశ్వతం కావడం అసాధ్యం. అసాధ్యాన్ని దేవుణ్ణి అడగడం ప్రార్థనలో హద్దు మీరడమని ఆయన తీర్పు. అలంకారశాస్త్రం లెక్కన అసాధ్యమైన కోరికకు ‘లైత’ ఉంది, దాన్ని మనిషి తనలో తాను అనుకోవచ్చు. దీవెన క్రియలో పెట్టి దేవుడి ముందుకు తేవడానికి మాత్రం వీల్లేదు.